ఐపీ కొడితే వస్తుంది, పేరు కొడితే రాదు: తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. ఆఫీసులో పది పన్నెండు విండోస్ మెషీన్లు, కొత్తగా తెచ్చిన మూడు ఉబుంటు (లినక్స్) డెస్క్‌టాప్‌లు ఉన్నాయి. 192.168.1.10 అనే ఐపీ (నెట్‌వర్క్‌లో మెషీన్‌కుండే నంబరు అడ్రస్) ఉన్న ఉబుంటు సర్వర్ మీద సాంబా షేర్లు (అందరూ వాడుకునే ఫోల్డర్లు), పేరు అడిగితే ఐపీ చెప్పే డీఎన్ఎస్ సర్వర్‌గా డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రాం నడుస్తున్నాయి. సర్వర్ పేరు ఫైల్‌సర్వర్.లోకల్. గత నెలలో ఇంటర్నెట్ కనెక్షన్ మార్చారు, కొత్త ఫైబర్ రౌటర్ వచ్చింది. అప్పటినుంచి విండోస్ మెషీన్లలో సర్వర్ పేరు పొద్దున పనిచేస్తే మధ్యాహ్నం పనిచేయదు. ఉబుంటు డెస్క్‌టాప్‌లలో సర్వర్‌ను నేరుగా అడిగితే ఎన్ఎస్‌లుకప్ (డీఎన్ఎస్‌ను అడిగే కమాండ్) సరైన ఐపీయే చెబుతోంది, పింగ్ (మెషీన్ పలుకుతుందో లేదో చూసే కమాండ్) మాత్రం ఆ పేరే తెలియదంటోంది. అకౌంట్స్‌లో ఒక మెషీన్ ఎన్నిసార్లు క్యాష్ (పాత జవాబులు దాచుకునే చోటు) ఖాళీ చేసినా పాత సర్వర్ ఐపీ 192.168.1.5కే పోతోంది. అన్ని విండోస్ మెషీన్లలో రెండో డీఎన్ఎస్‌గా గూగుల్‌వాళ్ల 8.8.8.8 పెట్టారు. ఒకదాంట్లో విండోస్ కూడా మళ్లీ వేశారు.

దయచేసి ఇంకే మెషీన్‌లోనూ విండోస్ మళ్లీ వేయకండి. మీ దగ్గర ఉన్నది ఒక జబ్బు కాదు, మూడు వేర్వేరు జబ్బులు. ఒకే మందు వేస్తున్నారు కాబట్టే ఒకటి తగ్గినట్టు కనిపించగానే ఇంకోటి బయటపడుతోంది. దేన్నైనా మార్చే ముందు ప్రతి మెషీన్ దగ్గరా తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఈ పేరు గురించి ఎవరిని అడిగారు, జవాబు ఎవరిచ్చారు?

ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో చెప్తాను. చాలామంది పేరును ఐపీగా మార్చడమంటే డీఎన్ఎస్ సర్వర్‌ను అడగడమే అనుకుంటారు. నిజానికి పింగ్‌గానీ, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌గానీ, బ్రౌజర్‌గానీ ముందు ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతాయి. ఆ సిస్టమ్ తన హోస్ట్స్ ఫైలు (పేర్లు, ఐపీలు చేత్తో రాసి ఉంచే చిన్న ఫైలు) చూస్తుంది, తన క్యాష్ చూస్తుంది, డీఎన్ఎస్‌ను అడుగుతుంది. అక్కడా దొరక్కపోతే విండోస్ అయితే పక్క మెషీన్లనే కేకేసి అడుగుతుంది, అవే ఎల్ఎల్ఎమ్ఎన్ఆర్, నెట్‌బయాస్ పద్ధతులు. ఎన్ఎస్‌లుకప్, దానిలాంటిదే అయిన డిగ్ మాత్రం ఈ దారి మొత్తం వదిలేసి నేరుగా డీఎన్ఎస్ సర్వర్ దగ్గరకే పోతాయి. హోస్ట్స్ ఫైలునూ చూడవు, విండోస్ క్యాష్‌నూ చూడవు. అందుకే ఎన్ఎస్‌లుకప్ ఒకటి చెప్పి పింగ్ ఇంకోటి చెప్పడం వింతేమీ కాదు. ఆ తేడాయే మీకు దొరికిన గొప్ప ఆధారం.

(కమాండ్లను పలికే తీరులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి.)

పరీక్ష ఇలా చేయండి. మొదట ఎన్ఎస్‌లుకప్ తర్వాత పేరు, ఆ పక్కనే సర్వర్ ఐపీ 192.168.1.10 కూడా ఇచ్చి అడగండి. పేరు చివర ఒక చుక్క పెట్టండి. చుక్క లేకపోతే ఎన్ఎస్‌లుకప్ తన సొంతంగా డొమైన్ తోక తగిలించి అడగొచ్చు, అప్పుడు మీరు అడిగిన పేరు ఒకటి, అది వెతికిన పేరు ఇంకోటి అవుతుంది. దీంతో సర్వర్‌లో రికార్డు, అంటే ఆ పేరుకు ఐపీ రాసి ఉన్న లైను, సరిగ్గా ఉందో లేదో తేలిపోతుంది. తర్వాత అదే పేరును సర్వర్ ఐపీ ఇవ్వకుండా అడగండి. ఇప్పుడు జవాబు కన్నా ముఖ్యమైనవి పైన వచ్చే రెండు లైన్లు, అంటే ఏ డీఎన్ఎస్ సర్వర్ పలికిందో చెప్పే లైన్లు. అక్కడ సర్వర్ పేరు దగ్గర అన్‌నోన్ అని వస్తే టెన్షన్ పడొద్దు. ఆ ఐపీకి రివర్స్ రికార్డు (ఐపీ నుంచి పేరు చెప్పేది) లేదని మాత్రమే దాని అర్థం, మీ సమస్యకూ దానికీ సంబంధం లేదు. దాని కింద ఉన్న అడ్రస్ చదవండి. ఆఖరున సిస్టమ్‌ను అడగండి: విండోస్‌లో పింగ్, లేదా పవర్‌షెల్‌లో రిజాల్వ్ డీఎన్ఎస్‌నేమ్. లినక్స్‌లో గెట్‌ఎంట్ హోస్ట్స్ అనే కమాండ్ ఉంది, చాలామందికి దీని సంగతి తెలియదు. అప్లికేషన్లు నడిచే దారిలోనే అదీ నడుస్తుంది కాబట్టి లినక్స్‌లో నేను డిగ్ కన్నా ముందు దాన్నే కొడతాను.

పింగ్‌లో చూడాల్సింది మొదటి లైనులో బ్రాకెట్లలో వచ్చే ఐపీ. రిప్లై రాకపోయినా ఫర్వాలేదు, ఎందుకంటే విండోస్ ఫైర్‌వాల్ చాలాచోట్ల పింగ్‌ను ఆపేస్తుంది. ఐపీ సరిగ్గా వచ్చి టైమవుట్ అయితే పేరు వెతకడం బాగానే జరిగినట్టు, వెతకాల్సిన చోటు వేరే.

ఎర్రర్ మాటలను కూడా కొంచెం ఓపికగా చదవండి. ఎన్ఎస్‌లుకప్‌లో నాన్ ఎగ్జిస్టెంట్ డొమైన్ అంటే సర్వర్ దొరికింది, మాట్లాడింది, ఆ పేరు లేదని ఖాయంగా చెప్పింది. టైమ్డ్ అవుట్ అంటే సర్వర్ అసలు పలకలేదు. ఈ రెండూ పూర్తిగా వేర్వేరు దారులు. మొదటిదైతే తప్పు సర్వర్‌ను అడుగుతున్నారు, లేదా రికార్డు లేదు. రెండోదైతే కేబుల్, ఫైర్‌వాల్, డీఎన్ఎస్ వాడే 53వ పోర్ట్ చూసుకోవాలి. లినక్స్‌లో కూడా ఇంతే. నేమ్ ఆర్ సర్వీస్ నాట్ నోన్ అంటే లేదన్న జవాబు వచ్చింది. టెంపరరీ ఫెయిల్యూర్ ఇన్ నేమ్ రిజల్యూషన్ అంటే జవాబే రాలేదు.

ఇప్పుడు మీ విండోస్ మెషీన్ల సంగతి. పనిచేయని మెషీన్‌లో తీసిన ఐపీకాన్ఫిగ్ /ఆల్ (నెట్‌వర్క్ సెట్టింగులు చూపే కమాండ్) వివరాలు పెట్టారు కదా, అందులో డీఎన్ఎస్ సర్వర్ల వరుస చూడండి: మొదట ఎఫ్ఈ80తో మొదలయ్యే పొడవాటి అడ్రస్, తర్వాత 192.168.1.10, ఆపైన 8.8.8.8. ఆ మొదటి అడ్రస్ మీ కొత్త రౌటర్‌ది. అది ఐపీవీ6లో (ఐపీ అడ్రస్‌ల కొత్త పద్ధతి, 192.168 లాంటి పాతది ఐపీవీ4) నెట్‌వర్క్‌కంతటికీ తానే డీఎన్ఎస్ అని చాటుకుంటోంది. విండోస్ 10లో 2017 నాటి 1703 వెర్షన్ నుంచి ఈ చాటింపును వినడం మొదలైంది. మీరు ఐపీవీ4లో డీఎన్ఎస్‌ను చేత్తో ఎంత సరిగ్గా రాసినా ఐపీవీ6 వైపు నుంచి వచ్చింది వరుసలో ముందు కూర్చుంటుంది. దానికి ఫైల్‌సర్వర్.లోకల్ ఏమిటో తెలియదు. తెలియదని కూడా కాదు, లేదని ఖాయంగా చెప్పేస్తుంది. విండోస్ ఆ లేదన్న మాటను కూడా కాసేపు గుర్తుపెట్టుకుంటుంది. రౌటర్ మారినప్పటి నుంచే ఇదంతా మొదలైందని మీరే రాశారు, అది సరిగ్గా దీనికే సరిపోతోంది.

దీనికి మందు ప్రతి మెషీన్‌లో ఐపీవీ6 టిక్ తీసేయడం కాదు. మైక్రోసాఫ్ట్ కూడా అలా చేయొద్దనే చెబుతుంది. రౌటర్ సెట్టింగుల్లో ఐపీవీ6 లాన్ (ఆఫీసు లోపలి నెట్‌వర్క్) భాగంలోకి వెళ్లి డీఎన్ఎస్ ప్రకటించడాన్ని ఆపండి. కొన్ని రౌటర్లలో దాన్ని ఆర్‌డీఎన్ఎస్ఎస్ అంటారు, పక్కనే డీహెచ్‌సీపీవీ6 (మెషీన్లకు సెట్టింగులు పంచే ఇంకో పద్ధతి) డీఎన్ఎస్ కూడా ఉంటుంది. రెండూ చూడండి. కనెక్షన్ ఇచ్చిన కంపెనీ ఆ పేజీని తాళం వేసి ఉంచితే, వాళ్ల పెట్టె వెనక మీ సొంత రౌటర్ పెట్టుకుని ఆఫీసు మొత్తాన్ని దాని కింద నడపడమే పద్ధతైన దారి. ఈలోపు ఊపిరి పీల్చుకోవడానికి విండోస్‌లో నెట్‌ష్ కమాండ్‌తో రౌటర్ ప్రకటన నుంచి డీఎన్ఎస్ తీసుకోవడాన్ని ఒక్కో నెట్‌వర్క్ కార్డు వరకు ఆపొచ్చు. ఐపీవీ6 మాత్రం అలాగే ఉంటుంది.

ఇక ఆ 8.8.8.8. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఆఫీసు తర్వాత ఆఫీసులో ఇదే చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ బాధ కలుగుతుంది. రెండో డీఎన్ఎస్ అంటే, ఒక షాపులో సరుకు లేదంటే పక్క షాపులో అడిగినట్టు అనుకుంటారు. అలా జరగదు. మొదటి సర్వర్ లేదు అని జవాబిస్తే అంతటితో వెతుకులాట ఆగిపోతుంది, రెండోదాన్ని అడగరు. మొదటిది జవాబే ఇవ్వనప్పుడు మాత్రమే రెండోదాని వంతు వస్తుంది. విండోస్ ఒక సెకను చూసి రెండోదాన్ని అడుగుతుంది, ఆ తర్వాత కాసేపు దానివైపే మొగ్గుతుంది. అంటే మీ సర్వర్‌లో బ్యాకప్ నడుస్తూ ఒక్క క్షణం జవాబు ఆలస్యమైనా మెషీన్ 8.8.8.8కి తిరుగుతుంది. అది మీ ఆఫీసు లోపలి పేరు లేదంటుంది. కాసేపటికి మళ్లీ అంతా బాగుంటుంది. మీరు వెళ్లి చూసేసరికి తప్పు కనిపించదు, స్టాఫ్ మాత్రం పొద్దున రాలేదండీ అంటారు. వాళ్లు చెప్పింది నిజమే.

కాబట్టి వరుసలో ఎన్ని సర్వర్లు పెట్టినా ప్రతి ఒక్కదానికీ మీ లోపలి పేర్లు తెలిసి ఉండాలి. సర్వర్ ఆగిపోతే ఇంటర్నెట్ కూడా ఆగుతుందన్న భయంతో 8.8.8.8 పెట్టి ఉంటారు, ఆ భయం న్యాయమైనదే. అలాంటప్పుడు ఒక పాత మెషీన్‌లోనో రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ మీదో రెండో డీఎన్ఎస్‌మాస్క్ పెట్టి అవే పేర్లు ఇవ్వండి. బయటి పేర్ల కోసం 8.8.8.8ను అడగాల్సింది డీఎన్ఎస్‌మాస్క్, మీ స్టాఫ్ మెషీన్లు కాదు.

లినక్స్ వైపు ఇదే తప్పు ఇంకో రూపంలో కనిపిస్తుంది. మామూలు రిజాల్వ్.కాన్ఫ్ పద్ధతిలో ప్రతిసారీ మొదటి సర్వర్‌తోనే మొదలుపెడతారు, అది పలక్కపోతే 5 సెకన్లు ఆగుతారు. ప్రతి కనెక్షన్‌కూ సరిగ్గా 5 సెకన్లో 10 సెకన్లో పడుతోందంటే చచ్చిపోయిన డీఎన్ఎస్ ఐపీ ఒకటి వరుసలో ముందున్నట్టే, నేను వెంటనే అటే చూస్తాను. ఉబుంటులో ఉండే సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ వేరే రకం. అది ఒకసారి పలికిన సర్వర్‌నే పట్టుకుని ఉంటుంది, అది విఫలమయ్యేదాకా మొదటిదానికి తిరిగి రాదు. ఉబుంటులో రిజాల్వ్.కాన్ఫ్ తెరిస్తే కనిపించే 127.0.0.53 ఈ రిజాల్వ్‌డీదే. దాన్ని తీసేసి అక్కడ మీ ఐపీ రాయకండి. ఇప్పుడు నిజంగా ఎవరిని అడుగుతోందో రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్ కొడితే, కరెంట్ డీఎన్ఎస్ సర్వర్ అనే లైనులో చెబుతుంది.

మీ ఉబుంటు డెస్క్‌టాప్‌ల బాధ మాత్రం డీఎన్ఎస్ వరుసది కాదు, పేరు చివరి ఆ లోకల్‌ది. ఈటీసీ ఫోల్డర్‌లో ఎన్ఎస్ఎస్‌స్విచ్.కాన్ఫ్ తెరిచి హోస్ట్స్ అని మొదలయ్యే లైను చూడండి. ఫైల్స్, తర్వాత ఎండీఎన్ఎస్4 మినిమల్, పక్కన చదరపు బ్రాకెట్లలో నాట్‌ఫౌండ్ ఈక్వల్స్ రిటర్న్, ఆ తర్వాత డీఎన్ఎస్ అని ఉంటుంది. ఆ బ్రాకెట్లలోని మాటే మీ డెస్క్‌టాప్‌ల నోరు కట్టేస్తోంది. లోకల్ అని ముగిసే పేరు వస్తే సిస్టమ్ దాన్ని మల్టీకాస్ట్ పద్ధతిలో, అంటే 224.0.0.251 అడ్రస్‌కు 5353 పోర్ట్‌లో, నెట్‌వర్క్‌లో ఈ పేరు ఎవరిది అని అడుగుతుంది. ఎవరూ పలక్కపోతే లేదని తేల్చి అక్కడే ఆగిపోతుంది. మీ డీఎన్ఎస్‌మాస్క్ దాకా ప్రశ్న చేరనే చేరదు. ఎన్ఎస్‌లుకప్ ఈ ఫైలు చూడదు కాబట్టి దానికి జవాబు వస్తోంది.

ఇది ఉబుంటు తప్పు కాదు. లోకల్ అనే చివరి పేరును 2013 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 6762 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం మల్టీకాస్ట్ డీఎన్ఎస్‌కే కేటాయించింది. అంతకుముందు ఆఫీసు డొమైన్‌కు లోకల్ పెట్టుకోవడం బాగా అలవాటు, స్మాల్ బిజినెస్ సర్వర్ 2003 లాంటివి స్వయంగా అదే సూచించేవి. మీ దగ్గర ముందు పనిచేసిన వాళ్లు అలా పెట్టారంటే ఆనాటి అలవాటు ప్రకారమే పెట్టారు, వాళ్లను తప్పుపట్టక్కర్లేదు.

ఈరోజే పని జరగాలంటే సర్వర్ మీద అవాహి డీమన్ ఇన్‌స్టాల్ చేయండి. మల్టీకాస్ట్‌లో అడిగినప్పుడు సర్వర్ తానే పలుకుతుంది, డెస్క్‌టాప్‌లలో ఏమీ మార్చక్కర్లేదు. సర్వర్ హోస్ట్‌నేమ్ ఫైల్‌సర్వర్ అనే ఉండాలి, ఫైర్‌వాల్‌లో 5353 యూడీపీ తెరిచి ఉండాలి, అంతే. ఎన్ఎస్ఎస్‌స్విచ్ లైను మార్చినా పనవుతుంది. కానీ కొత్త మెషీన్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ మార్చాలి, నెట్‌వర్క్ ప్రింటర్లు దానంతటదే దొరకడం కూడా దెబ్బతినొచ్చు. అందుకే నేను దాన్ని సిఫారసు చేయను.

శాశ్వతంగా కావాలంటే ఆ పేరు మార్చండి. కంపెనీకి సొంత డొమైన్ ఉంటే దాని ముందు ఒక మాట చేర్చి లోపలి వాడకానికి పెట్టుకోవడం అన్నిటికన్నా మంచిది, ఇంకెవరితోనూ తగువు రాదు. సొంత డొమైన్ లేకపోతే .ఇంటర్నల్ వాడండి. ప్రైవేట్ నెట్‌వర్క్‌ల కోసం దీన్ని ఎప్పటికీ బయట ఎవరికీ ఇవ్వకుండా, డొమైన్ పేర్లను చూసుకునే ఐకాన్ సంస్థ 2024లో పక్కన పెట్టింది. మీకు తోచిన మాటను డొమైన్‌గా పెట్టకండి. రేపు అదే మాటతో బయట నిజమైన డొమైన్ వస్తే ఇదే తలనొప్పి మళ్లీ మొదలవుతుంది. పేరు మార్చేటప్పుడు పాత పేరు, కొత్త పేరు రెండూ కొన్ని వారాలు నడవనివ్వండి. విండోస్‌లో మ్యాప్ చేసిన డ్రైవులు, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో రాసి ఉన్న దారులు, స్కానర్‌లో పెట్టిన ఫోల్డర్ అడ్రసు ఒక్కోటీ బయటపడటానికి టైం పడుతుంది. ముఖ్యంగా స్కానర్‌ను అందరూ మర్చిపోతారు.

అకౌంట్స్ మెషీన్ సులువు. క్యాష్ ఖాళీ చేసినా పాత ఐపీయే వస్తోందంటే హోస్ట్స్ ఫైలులో ఎవరో రాసిపెట్టారు. విండోస్ ఆ ఫైలును క్యాష్‌లోకి తానే ఎక్కించుకుంటుంది కాబట్టి ఫ్లష్ చేసిన మరుక్షణం మళ్లీ అదే వస్తుంది. సిస్టమ్32 లోపల డ్రైవర్స్, దాని లోపల ఈటీసీ ఫోల్డర్‌లో ఉంటుంది. నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఆ లైను తీసేయండి. సేవ్ చేసేటప్పుడు పేరు చివర టీఎక్స్‌టీ అతుక్కోకుండా చూసుకోండి, అతుక్కుంటే మీరు మార్చింది వేరే ఫైలు అవుతుంది. ఇంకో మెషీన్‌లోనూ ఇలాంటి లైన్లు ఉండొచ్చు, ఒకసారి అన్నీ తెరిచి చూడటం మంచిది.

మీరు రాయలేదు కానీ సర్వర్‌లో ఒకటి తప్పకుండా చూడండి. ఉబుంటు తన ఈటీసీ హోస్ట్స్ ఫైలులో సొంత పేరును 127.0.1.1కి కట్టి పెట్టుకుంటుంది. డీఎన్ఎస్‌మాస్క్ అదే ఫైలు చదివి నెట్‌వర్క్‌కు జవాబులు ఇస్తుంది. ఆ లైను అలాగే ఉంటే సర్వర్ ఎక్కడ అని అడిగిన వాళ్లకు 127.0.1.1 అని చెప్పేస్తుంది, అది ఎవరి మెషీన్‌లో వాళ్లనే సూచించే అడ్రస్. పింగ్ కూడా చక్కగా రిప్లై ఇస్తుంది, ఎందుకంటే మెషీన్ తనకు తానే జవాబు చెప్పుకుంటోంది. షేర్ మాత్రం తెరుచుకోదు. దీంతో రోజులు పోగొట్టుకున్న వాళ్లున్నారు. డీఎన్ఎస్‌మాస్క్ సెట్టింగుల్లో నో హోస్ట్స్ అని పెట్టి, ఆఫీసు పేర్లకు విడిగా ఒక ఫైలు రాసి, దాన్ని అదనపు హోస్ట్స్ ఫైలుగా చూపించండి. ఆ ఫైలు మార్చిన ప్రతిసారీ డీఎన్ఎస్‌మాస్క్‌ను రీలోడ్ చేయాలి.

డీహెచ్‌సీపీ (మెషీన్లకు ఐపీ, డీఎన్ఎస్ వివరాలు దానంతటదే పంచే సర్వీసు) కూడా ఒక్కచోట నుంచే రావాలి. కొత్త రౌటర్‌లో అది ఆన్‌లో ఉండే వస్తుంది. ఐపీకాన్ఫిగ్ /ఆల్‌లో డీహెచ్‌సీపీ సర్వర్ అనే లైను ఒక్కో మెషీన్‌లో ఒక్కోలా ఉంటే రెండు సర్వర్లు పోటీ పడుతున్నట్టు. సర్వర్‌లోని డీఎన్ఎస్‌మాస్క్‌కు ఆ పని ఇచ్చి, డీఎన్ఎస్ ఐపీ (ఆప్షన్ 6), డొమైన్ పేరు (ఆప్షన్ 15) అక్కడినుంచే పంచండి. రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆపేయండి. మెషీన్లలో చేత్తో రాసిన డీఎన్ఎస్ సెట్టింగులన్నీ తీసి ఆటోమేటిక్‌లో పెట్టండి, లేకపోతే వచ్చే ఏడాది సర్వర్ మారినప్పుడు మళ్లీ ప్రతి టేబుల్ దగ్గరకూ తిరగాలి.

బ్రౌజర్‌లో మాత్రమే పేరు రాకుండా పింగ్‌లో వస్తుంటే క్రోమ్‌లో సెక్యూర్ డీఎన్ఎస్ సెట్టింగు చూడండి. 2020 నుంచి ఉన్న సౌకర్యం ఇది. అందులో ఏదైనా బయటి సర్వీసు ఎంచుకుని ఉంటే లోపలి పేర్ల ప్రశ్న కూడా అక్కడికే పోతుంది. ఒంటి పదం కొడితే బ్రౌజర్ దాన్ని సెర్చ్ అనుకుంటుంది, చివర ఒక స్లాష్ పెడితే పేరుగా తీసుకుంటుంది.

ఎక్స్‌ప్లోరర్‌లో నెట్‌వర్క్ మీద నొక్కితే సర్వర్ కనిపించట్లేదని కూడా అడిగారు. అది పేరు వెతకడం కాదు, వేరే సంగతి. ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి ఎస్ఎంబీ1 మీద ఆధారపడిన ఆ జాబితా పద్ధతి ఇప్పటి విండోస్‌లో ఆగిపోయింది, దాని చోట డబ్ల్యూఎస్ డిస్కవరీ వచ్చింది. సర్వర్ మీద డబ్ల్యూఎస్‌డీడీ అనే చిన్న ప్యాకేజీ పెడితే కనిపిస్తుంది. దానికోసం ఎస్ఎంబీ1ను మళ్లీ ఆన్ చేయకండి, అది భద్రతకు ప్రమాదం.

మొదట రౌటర్ ఐపీవీ6 డీఎన్ఎస్ ఆపి, 8.8.8.8 తీసి, ఒక విండోస్ మెషీన్‌ను రీస్టార్ట్ చేసి ఐపీకాన్ఫిగ్ /ఆల్ మళ్లీ పెట్టండి. డీఎన్ఎస్ సర్వర్ల వరుసలో 192.168.1.10 ఒక్కటే ఉండాలి. ఎఫ్ఈ80 ఇంకా కనిపిస్తే రౌటర్ మోడల్ రాయండి, దాని సెట్టింగు ఎక్కడుందో చూసి చెప్తాను.